పాత మోటారు సైకిలునకు క్రొత్త బ్యాటరీ



నేను కోహీరు ప్రాంతపు పాఠశాలలలో ముప్పది యేండ్లకు పైగా తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడను. నా ప్రసంగమనగానే ఏ సమాసములను గూర్చియో, ఏ ప్రబంధమును గూర్చియో వినవచ్చునని మీలో కొందఱు తలచి యుందురు. నేడు నేను ముచ్చటింపదలచినది బ్యాటరీని గూర్చి. పాత మోటారు సైకిలునకు క్రొత్త బ్యాటరీని ఎట్లు ఎన్నుకొనవలెనన్నది విషయము. ఈ పనిలో నేను రెండు మారులు మోసపోయితిని. అంగడివారికంటె నా తొందరపాటే నన్ను ఎక్కువగా మోసగించినది.

మా యింట 1974వ సంవత్సరపు బుల్లెట్టు ఒకటి కలదు. మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ 1955లో ఏర్పడిన నాటినుండి మన దేశమున ఈ బండ్లు తిరుగుచున్నవి. నాది నేను 1986లో ఒక గుత్తేదారుని వద్ద కొన్నది. దానిమీదనే మా ఎఱ్ఱనేలల దారులలో, జామతోటల నడుమ, ఊరూర నున్న బడులకు తిరిగితిని. మా వైపు ఇట్టి పాత బండ్లు తక్కువేమియు కాదు. మైసూరులో ఐడియల్ జావా సంస్థవారు 1961 మొదలు 1996 వరకు చేసిన జావాలు, యెజ్దీలు ఎన్నో యిండ్ల పశువులకొట్టములలో దుమ్ము క్రమ్మి నిలిచియున్నవి. వానిని మరల నడపవలెనని మనుమలు ముచ్చటపడుచున్నారు. కావున ఈ మాటలు నా యొక్కని కొఱకే కావు.

2022వ సంవత్సరపు కార్తికమాసములో జహీరాబాదున బంధువుల యింట పెండ్లి చూచుకొని, నా భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని రాత్రివేళ తిరిగి వచ్చుచుంటిని. జాతీయ రహదారి విడిచి మా ఊరి దారికి మఱలిన కొంతసేపటికి బండి దీపము ఎఱ్ఱబడి ఆముదపు దీపమువలె నాయెను. ఎదుట ఒక ట్రాక్టరు ట్రాలీ వెనుక దీపము లేకయే నిలిపియున్నది. అది నాకు పది బారల దూరమున గాని కనబడలేదు. బండిని ప్రక్కకు త్రిప్పగా ఇద్దఱమును మట్టికట్టమీద పడితిమి. దైవానుగ్రహమున ఆమెకు మోకాలు గీచుకొనుటతో పోయినది. ఆమె లేచి చీర దులుపుకొని, “ఏమండీ, ఇక నేను ఈ బండి యెక్కను” అనెను. అటుపిమ్మట ఒకటిన్నర సంవత్సరము ఎక్కలేదు.

మఱునాడే పోయి బ్యాటరీ కొంటిని. తప్పు అక్కడనే జరిగినది. తర్కశాస్త్రము చదువుకొన్నవాడను, పొగను చూచి నిప్పును ఊహించుటకు ఏ హేతువు తగునో, ఏది తగదో గురువులు చెవి మెలిపెట్టి నేర్పిరి. “దీపము మసకబారినది గనుక బ్యాటరీ చెడినది” అన్న నా అనుమానము సవ్యభిచారము. దీపము బ్యాటరీ చెడినను మసకబారును. తీగ త్రుప్పు పట్టినను మసకబారును. డైనమో నింపకపోయినను మసకబారును. ఈ మూటిలో ఏది నిజమో పరీక్షింపకయే నేను డబ్బు చెల్లించితిని.

అంగడివాడు “పెద్దది తీసికొనుడు, బలము హెచ్చు” అనెను. మూతలు లేని, నీరు పోయనక్కఱలేని పెద్ద బ్యాటరీ నిచ్చెను. అది ఆఱునెలలలో చచ్చినది. రెండవమారు మఱియొక అంగడిలో కొన్నది ఎప్పుడు తయారైనదో నేను చూడలేదు. ఆ అంగడివాడు అందులో తేజాబు పోసి, చార్జి చేయకయే, అప్పటికప్పుడే చేతికిచ్చెను. అదియు ఏడాది దాటలేదు.

చివరకు జహీరాబాదులో ఒక వృద్ధ ఉస్తాదు వద్దకు బండిని త్రోసికొని పోయితిని. ఆయన బ్యాటరీ మొగమే చూడలేదు. మొదట దీపపు బుడ్డి తీసి దానిపై చెక్కిన వోల్టు సంఖ్య చదివెను. పిమ్మట ఇంజను నడుపుచు బ్యాటరీ కొనలకు మీటరు పెట్టెను. ముల్లు 6.2 దాటలేదు. అప్పుడాయన బ్యాటరీనుండి బండి చట్రమునకు పోవు తీగను విప్పి చూపెను. దాని ఉంగరము క్రింద రంగు, త్రుప్పు పేరుకొని యుండెను. ఆయన గరుకు కాగితముతో రుద్ది మరల బిగించి ఇంజను నడిపించెను. ముల్లు 7.1కి పోయినది. “మాస్టర్ సాబ్, తప్పు బ్యాటరీది కాదు, దాని నోటికి కూడు అందుటలేదు” అనెను. ఆ మాటకు నేను సిగ్గుపడితిని. రెండు బ్యాటరీల వెల ఆ ఉంగరము క్రింది త్రుప్పునకు ధారపోసితిని గదా!

కావున కొనుటకు ముందే ఈ పరీక్ష చేయుడు. బాగుగా చార్జి చేసి కొన్ని గంటలు ఊరక యుంచిన 6 వోల్టుల బ్యాటరీ మీటరులో 6.3 కంటె కొంచెము పైన చూపవలెను. 6 కంటె తక్కువైన యెడల అది బాగుగా ఖాళీయైనది. ఇంజను కొంచెము వేగముగా నడచునపుడు 7 మొదలు 7.2 వఱకు ఉండవలెను. అంతకంటె మిక్కిలి పెరిగినచో బ్యాటరీలోని నీరు ఉడికి ఆవిరియగును. పెరుగనే పెరుగనిచో నింపువాడు లేడన్నమాట. అప్పుడు క్రొత్తది పెట్టినను పాతదాని గతియే పట్టును. మూతలున్న బ్యాటరీకి హైడ్రోమీటరు అను గాజుగొట్టముతో ఒక్కొక్క అఱను విడివిడిగా చూడవచ్చును. నిండుగా నున్నప్పుడు తేజాబు సాంద్రత సుమారు 1.26 మొదలు 1.28 వఱకు ఉండును. ఒక్క అఱ మాత్రము చార్జి చేసిన పిమ్మటను మిగిలినవానికి చాల వెనుకబడినచో ఆ బ్యాటరీకి మందు లేదు.

ఇక ఎంపిక. మొదట వోల్టులు. సీసపు బ్యాటరీలో ఒక్కొక్క అఱ సుమారు 2 వోల్టులనిచ్చును. మూతలు మూడున్నచో 6 వోల్టులు, ఆఱున్నచో 12. ఆ కాలపు బుల్లెట్టులు, జావాలు చాలవఱకు 6 వోల్టులవి. 6 వోల్టుల బండికి 12 వోల్టులది తగిలించినచో బుడ్డులు మాడిపోవును, కాయిలు వేడెక్కును. అన్నిటిని మార్పించుకొన్నవారు కొందఱున్నారు. బుడ్డులు, హారను, కాయిలు, నింపెడు యంత్రము అన్నియు మారవలెను. బ్యాటరీ నొక్కదానినే మార్చి ఊరకుండుట తగదు.

పిదప ఆంపియరు-గంటల లెక్క. నన్ను ముంచినది ఇదియే గనుక కొంచెము విప్పి చెప్పెదను. 35 వాట్టుల దీపము 6 వోల్టులమీద వెలుగునపుడు సుమారు 6 ఆంపియరులు త్రాగును. వెనుక దీపము, కాయిలు దానికి తోడగును. పాత బండి డైనమో ఈ ఖర్చు పోను మిగుల్చునది స్వల్పము. నా తోటలో మోట తోలిన దినములు నాకు జ్ఞాపకమున్నవి: ఒక్క మోట నీటితో పదెకరముల మడి తడియదు. నేను బడికి పోవు రెండు మైళ్ల ప్రయాణమున నా పెద్ద బ్యాటరీ ఏనాడును నిండలేదు. సగము ఖాళీగా నిలిచిన సీసపు పలకలమీద ఒక తెల్లని పొర గట్టిపడును. పిమ్మట ఎంత చార్జి చేసినను ఆ పొర కరగదు. బండితో వచ్చిన పుస్తకములో ఎన్ని ఆంపియరు-గంటలు వ్రాసియున్నదో అంతయే కొనుడు.

మూతలు లేనిది శ్రమ లేనిదే, కాని పాత బండి డైనమో కొన్నివేళల హద్దు మీఱి నింపును. అప్పుడు పోయిన నీటిని అందులో మరల పోయు దారి లేదు. నీరు పోయగల సాధారణ బ్యాటరీ అట్టి మోటుతనమును ఓర్చుకొనును. తేలికయని చెప్పు లిథియము బ్యాటరీలకు మితము దప్పని వోల్టు కావలెను. మన పాత బండ్లకు అవి తగవని నా అభిప్రాయము.

పెట్టెలో పట్టునో లేదో దారముతో కొలిచికొని పోవుడు. ఏ కొన చట్రమునకు కలిసియున్నదో పాతది విప్పుటకు ముందే వ్రాసికొనుడు. ఇంగ్లండున చేసిన కొన్ని పాత బండ్లలో ధనధ్రువమే చట్రమునకు కలిసియుండును. తలక్రిందులుగా తగిలించినచో రెక్టిఫయరు కాలిపోవును. తయారైన నెల, సంవత్సరము అడుగుడు. తేజాబు పోయించిన పిమ్మట మొదటి చార్జి అంగడిలోనే నెమ్మదిగా, ఆంపియరు-గంటలలో పదవవంతు ప్రవాహముతో, చేయించుకొనుడు. తరువాత పోయవలసినది స్వేదనజలము మాత్రమే. బావినీరు వలదు, తేజాబు అసలే వలదు.

జావావారికి ఒక మాట. వారి బండ్లలో చాలవానికి బ్యాటరీ చచ్చినచో నిప్పురవ్వయే పుట్టదు, ఎంత తన్నినను బండి లేవదు. పాత బుల్లెట్టులో తాళము త్రిప్పుచోట ఆపత్కాలపు స్థానమొకటి కలదు; దానితో ఇల్లు చేరవచ్చును. దానినే నిత్యము వాడువారిని చూచితిని. అది వైద్యుని బదులు తాయెత్తును నమ్ముటవంటిది.

పాత బ్యాటరీని పెరటిలో పాఱవేయకుడు. సీసము పిల్లల మెదడునకు హాని చేయును. 2022లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ నియమముల ప్రకారము దానిని చెత్తలో కలుపరాదు. వేరుగా నుంచి, సేకరించువారికి అప్పగింపవలెను. నావి రెండును క్రొత్తది కొన్నచోటనే యిచ్చి, వెలలో కొంత తగ్గింపించుకొంటిని.

మూడవది, అనగా ఇప్పుడున్నది, 2024 వేసవిలో పెట్టించితిని. మూడు మూతలది, పుస్తకములో నున్న కొలతది. నెలకొకమారు నీటిమట్టము చూచుచున్నాను. దీపపు తలమీదనున్న ఆంపియరు ముల్లు దీపము వెలిగించినను ఎడమకు ఒరుగుటలేదు. ఆ వేసవిలోనే ఒక సాయంకాలము నా భార్య వాకిట నిలిచి, “ముందు దీపము వెలిగించి గోడమీద చూపుడు” అనెను. చూపితిని. ఇంజను నెమ్మదిగా నడచునపుడును చూపుమనెను. చూపితిని. అప్పుడెక్కి కూర్చుండెను. జహీరాబాదు దాక పోయి వచ్చితిమి. తిరుగుదారిలో ఆ మట్టికట్ట దగ్గఱ మాత్రము ఆమె నా భుజము గట్టిగా పట్టుకొనెను.