నాయన అంబాసిడర్‌కి కొత్త కార్పెట్: పాతది తీస్తే నేల కనపడింది

ఈరోజు ఎపిసోడ్ ఒక పాత కారుకి కార్పెట్ మార్చడం గురించి. కార్పెట్ మీద ఒక ఎపిసోడా అనుకుంటున్నారేమో. నేనూ మొదట్లో ఇదొక చిన్న పని అనే అనుకున్నా. ఆదివారం పొద్దున మొదలుపెడితే సాయంత్రం టీ టైమ్‌కి అయిపోతుందనుకున్నా. పదకొండు రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్తా. మీ ఇంట్లో, మీ మామ వాళ్ళింట్లో, ఎవరింట్లో అయినా పాత కారుంటే చివరిదాకా వినండి.

కారు మా నాయనది. 1986 అంబాసిడర్, మార్క్ ఫోర్, తెల్లది. మా అబ్బ చెనిక్కాయ బాగా పండిన ఒక ఏడాది సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అబ్బ పోయినాక నాయన నడుపుతున్నాడు. అంబాసిడర్ గురించి తెలీనివాళ్ళకి ఒక్క ముక్క. ఇంగ్లండ్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ అని ఒక కారుండేది. దాన్నే హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 1958 నుంచి అంబాసిడర్ పేరుతో తయారు చేశారు. 2014లో ఆపేశారు. అంటే ఇప్పుడు రోడ్డు మీద కనపడే ఏ అంబాసిడర్ అయినా పదేళ్ళు దాటిందే. ఎంత తుడిచి పెట్టినా కింద ఏదో ఒకటి అవుతూనే ఉంటుంది.

మా చెల్లెలి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతుర్ని ఈ కార్లోనే గుడికి తీసుకుపోవాలని నాయన పట్టు. సరే, కనీసం లోపలైనా బాగుండాలి కదా అని నేను కార్పెట్ మారుస్తానన్నా. దానికి నాయన ఒకటే మాట అన్నాడు. "పాతది తీయాకురా. దాని మీదనే కొత్తది పరిసేయ్."

ఆ మాట నేను పట్టించుకోలేదు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తా దీని దగ్గరికి.

ముందు పని చెప్తా. బ్యాటరీ వైరు తీసేయండి. తర్వాత ముందు సీటు. మా కారుకి ముందర కూడా సోఫా లాగా ఒకటే పొడుగు సీటు, ఇద్దరు పట్టుకుంటే కానీ బయటికి రాదు. బోల్టులు తుప్పు పట్టి ఉంటే బలం చూపించద్దు, తల విరిగిపోతుంది. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి, పొద్దున పానా వేస్తే తిరుగుతుంది. తలుపుల కింద గడప మీద అల్యూమినియం పట్టీలు ఉంటాయి. స్క్రూలు తీసి వాటిని పక్కన పెడితే కార్పెట్ అంచు బయటపడుతుంది.

పాత కార్పెట్‌ని చించి పారేయద్దు. ఎంత పాడైపోయినా సరే, ముక్క ముక్కగా తీసి ఒక్కోదాని వెనక చాక్‌పీస్‌తో "డ్రైవర్ వైపు", "మధ్యలో", "వెనక ఎడమ" అని రాసుకోండి. కొత్తది కత్తిరించడానికి అదే మీ కొలత. ఫోన్‌లో ఫొటోలు తీస్తూ పోండి. ఏ బోల్టు ఎక్కడిదో మూడో రోజుకి గుర్తుండదు.

ఇక మా కార్లో ఏం బయటపడిందో చూడండి. పైన నీలం రంగు సింథటిక్ కార్పెట్. డ్రైవర్ మడమ ఆనించే చోట అరచేయంత చిల్లు. దాని కింద నల్ల రబ్బర్ మ్యాట్. దాని కింద జనపనార ఫెల్ట్, మందంగా, గోధుమ రంగులో. అంటే ఇన్నేళ్ళలో పాతది ఎవరూ తీయలేదు. పైన ఇంకోటి వేసుకుంటూ వచ్చారు. ఫెల్ట్ మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. మే నెల, బయట 41 డిగ్రీలు. రెండు రోజుల ముందు కారు కడిగినాం, ఆ నీళ్ళు ఇంకా అందులోనే ఉన్నాయి.

డ్రైవర్ వైపు ఫెల్ట్ లేపితే కింద చదరంగా ఒక రేకు. తిప్పి చూస్తే వంటనూనె డబ్బాని కత్తిరించి సాపు చేసిన రేకు. దాని మీద చెనిక్కాయ బొమ్మ సగం ఇంకా కనపడతాంది. ఆ రేకు పక్కకి తీస్తే నేల కనపడింది. కారు ఫ్లోర్ కాదు, మా ఇంటి ముందర ఎర్ర మట్టి నేల.

ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని చుట్టూ పొడిచి చూసినా. గట్టి ఇనుము అయితే టంగుమంటుంది. ఇక్కడ అప్పడం మాదిరి దిగిపోతాంది. చిల్లు చూడ్డానికి చెయ్యంత ఉంది కానీ, కుళ్ళింది మాత్రం డ్రైవర్ కాళ్ళ దగ్గర నుంచి సీటు బోల్టు దాకా.

ఇది ఎందుకు సీరియస్ విషయమో చెప్తా. లారీకి, పాత జీపుకి కింద విడిగా ఛాసిస్ ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. అక్కడ ఫ్లోర్ పోతే కాళ్ళకి దుమ్ము కొడుతుంది, అంతవరకే. అంబాసిడర్ అట్ల కాదు. ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన మోనోకాక్ డిజైన్. ఫ్లోర్, గడపలు, పైకప్పు అన్నీ కలిసే కారు బరువు మోస్తాయి. పద్మిని కూడా అంతే, ఇప్పుడొచ్చే కార్లు దాదాపు అన్నీ అంతే. ఇట్లాంటి కార్లో ఫ్లోర్ కుళ్ళిందంటే సీటు దేన్ని పట్టుకుని నిలబడిందో ఆలోచించండి. గట్టిగా బ్రేక్ కొడితే, ఎవరైనా వెనక నుంచి గుద్దితే సీటు ఉన్నచోట ఉండదు. ఆ సీట్లో కూర్చుని నాయన రోజూ నేషనల్ హైవే 44 ఎక్కుతున్నాడు.

సరే, అసలు ప్రశ్న. మాది అనంతపురం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. దేశంలో జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లా అని మా గురించి చెప్తారు. వాన లేని చోట కారు ఎట్ల కుళ్ళింది?

ఆ రేకు పట్టుకుని నాయన దగ్గరికి పోయినా. వసారాలో కూర్చుని ఉన్నాడు. రేకు చూడంగానే తల పక్కకి తిప్పుకున్నాడు. "తీయాకు అంటిని కదరా" అన్నాడు.

"నీకు తెలుసా నాయనా ఇది?"

"నేనే ఏసినా."

కాసేపయినాక చెప్పడం మొదలుపెట్టినాడు. మా ఊరికి సత్యసాయి నీళ్ళ పథకం వచ్చింది 1995లో. అంతకుముందు ఊరి బోరు ఎండిపోతే తాగే నీళ్ళు నాలుగు కిలోమీటర్ల అవతల తోట బోరు నుంచి తెచ్చుకోవాలి. ఎద్దుల బండి ఉన్నోళ్ళు బండి మీద, మాకు కారుంది కాబట్టి కార్లో. వెనక సీటు తీసేసి ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టేవాళ్ళు. ముందర అవ్వ కాళ్ళ దగ్గర రెండు బిందెలు. గుంతల రోడ్డు. ఇంటికి వచ్చేలోపల పావు డ్రమ్ము కార్లోనే. మా ఇంటికొక్కదానికే కాదు, వీధికంతా. ఒక్కో ఎండాకాలం రెండు మూడు నెలలు అట్లే నడిచింది.

అంటే ఈ కారు వానకి కుళ్ళలేదు. కరువుకి కుళ్ళింది.

ఇంకోటి కూడా చెప్పినాడు. విత్తనం టైమ్‌కి టౌన్ నుంచి యూరియా, డీఏపీ మూటలు ఈ కార్లోనే వచ్చేవి. ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ కావాలి. ఇనుము తుప్పు పట్టాలంటే నీళ్ళు, గాలి రెండూ కావాలి. నీళ్ళలో ఉప్పు ఉంటే ఆ పని ఇంకా స్పీడ్‌గా జరుగుతుంది. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. డీఏపీ కూడా ఒక రకం ఉప్పే, యూరియా అయితే గాలిలో తడిని తనే లాక్కుంటుంది. ఈ రెండూ ఫెల్ట్‌లోకి దిగినాయి. ఫెల్ట్ స్పాంజి లాంటిది. పైన రబ్బర్ మ్యాట్ ఉంది కాబట్టి ఎంత ఎండ కాసినా కింద ఆరదు. పై కార్పెట్ మీద చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది. మనకి అనుమానం రాదు.

2000ల్లో చిల్లు పడిందంట. వరసగా పంటలు పోతున్న ఏళ్ళు. టింకరింగ్ షెడ్డుకి పోతే డబ్బులడుగుతారు, ఆ డబ్బులు నా స్కూలు ఫీజుకి పోయినాయి. అందుకే నూనె డబ్బా రేకు, దాని మీద నీలం కార్పెట్. ఆ తర్వాత డబ్బులు వచ్చినా ఎవరికీ చెప్పలేదు. "చెప్తే కారు అమ్మేయమంటారని" అన్నాడు. నేను నిజంగానే అమ్మేయమనేవాణ్ణేమో. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఎర్రర్ వస్తే సరిచేయకుండా ఆ మెసేజ్ కనపడకుండా చేసి పోయినోళ్ళని నేను తిట్టుకున్నా. ఆరోజు మాత్రం నాయనని ఏమీ అనలేకపోయినా.

ఇక రిపేరు. షెడ్డులో మేస్త్రీ చూసి, కుళ్ళినదాని మీద రేకు అతికించడం కుదరదు, గట్టి ఇనుము దొరికేదాకా కోయాలన్నాడు. ఇదే కరెక్ట్. కుళ్ళిన అంచుకి వెల్డింగ్ పట్టదు, పట్టినట్టు కనపడి ఆరు నెలలకి ఊడిపోతుంది. కోసి, 18 గేజ్ రేకు వంచి, అంచులంతా వెల్డింగ్ చేసినాడు. సీటు బోల్టు దగ్గర ఇంకో పట్టీ అదనం. పెట్రోల్ పైపు, బ్రేక్ పైపు ఫ్లోర్ కిందనే పోతాయి కాబట్టి వెల్డింగ్ ముందు అవి చూసుకోండి, పక్కన నీళ్ళ బకెట్, తడి గోనెసంచి పెట్టుకోండి. తర్వాత మిగతా ఫ్లోర్ అంతా వైర్ బ్రష్, తుప్పు మార్చే మందు, రెడాక్సైడ్ రెండు కోట్లు, అతుకుల మీద సీలెంట్, ఆపైన పెయింట్. నీళ్ళు పోవడానికి ఫ్లోర్‌లో రబ్బర్ బిరడాలు ఉన్నాయి. అవి మట్టితో గట్టిపడిపోయింటే కొత్తవి వేసినాం.

ఇప్పుడు కార్పెట్. బెంగళూరు జేసీ రోడ్డులో దొరికింది, మెరూన్ రంగు. ఇప్పటి కార్లకి కార్పెట్‌ని ఫ్లోర్ ఆకారంలోనే వేడిచేసి ఒకే ముక్కగా అచ్చు పోస్తారు. 2022 దాకా మా జిల్లాలోనే ఉన్న పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి కదా, అట్లాంటి కార్లలో చూడండి, ఎక్కడా అతుకు కనపడదు. అంబాసిడర్‌కి అట్ల కాదు. చదునుగా ఉన్న గుడ్డని మనమే ముక్కలుగా కోసి కూర్చాలి.

ముందు పాత ముక్కల్ని పెట్టి న్యూస్ పేపర్ మీద గీసుకోండి. ఆ పేపర్ని కార్లో పరిచి సరిపోయిందో లేదో చూసి, అప్పుడు కార్పెట్ కోయండి. రెండు అంగుళాలు ఎక్కువే వదలండి. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే టనెల్‌కి ముందు వేయాలి, పక్కలది తర్వాత. అన్ని ముక్కల్లో నూగు ఒకే వైపుకి ఉండాలి, లేకపోతే ఒకే కార్పెట్ రెండు రంగుల్లో కనపడుతుంది. అంచులు సీట్ కవర్లు కుట్టే షాపులో ఇచ్చి రెక్సిన్ పట్టీ కుట్టించండి, పోగులు రావు.

అంటించడానికి కాంటాక్ట్ గమ్ము. ఫ్లోర్‌కి, కార్పెట్‌కి రెండింటికీ పూసి, వేలికి అంటుకోనంత ఆరినాక అదమాలి. మా ఎండకి అది అయిదు నిమిషాల్లోనే ఆరిపోయింది, కాబట్టి పొద్దున్నే చేయండి. తలుపులన్నీ తెరిచి పెట్టండి, ఆ వాసన తలకెక్కుతుంది. దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దు. ఇంకోటి, కార్పెట్‌కి డ్రిల్లు పెట్టద్దు. పోగులు డ్రిల్లుకి చుట్టుకుని మొత్తం లాక్కుపోతుంది, నాది ఒక ముక్క అట్లే పోయింది. బోల్టు రంధ్రాలకి మేకు ఎర్రగా కాల్చి గుచ్చండి. సింథటిక్ అయితే అంచు కరిగి అక్కడే గట్టిపడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం పెడల్స్. కొత్త కార్పెట్, కొత్త ఫెల్ట్ కలిస్తే మందం పెరుగుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి వదలండి, వెంటనే పైకి రావాలి. బ్రేక్, క్లచ్ కూడా చివరిదాకా పోవాలి. దాని మీద విడిగా ఏ మ్యాట్ వేసినా జారకుండా కట్టి ఉండాలి. 2009 ఆగస్టులో అమెరికాలో, కాలిఫోర్నియాలో ఒక లెక్సస్ కార్లో వేరే మోడల్ మ్యాట్ వేస్తే, యాక్సిలరేటర్ దానికి చిక్కుకుని నలుగురు చనిపోయారు. ఆ తర్వాత టయోటా ఆ దేశంలో దాదాపు 38 లక్షల కార్లకి రీకాల్ ఇచ్చింది. కారణం మ్యాట్. కాబట్టి దీన్ని అలంకారం పని అనుకోవద్దు.

పెళ్ళిరోజు పొద్దున నాయన కారెక్కేటప్పుడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. "నాయనా, అది తొక్కేదానికే వేసినాం" అంటే నవ్వి, "ఉండనీలేరా ఈ ఒక్కరోజు" అన్నాడు. వెనక సీట్లో చెల్లెలు, అవ్వ. అవ్వ మాత్రం కిందికి చూసి, "బిందెలు ఈడనే పెట్టుకుంటాంటి" అని కాలితో ఆ చోటు చూపించింది.

ఆ నూనె డబ్బా రేకు పారేయలేదు. షెల్ఫ్‌లో నా వెనక కనపడతాంది చూడండి, అదే.

మీరు ఈరోజు చేయాల్సింది ఒకటే పని. మీ ఇంట్లో పాత కారుంటే డ్రైవర్ వైపు మ్యాట్ లేపండి. దాని కింద ఇంకోటి ఉంటే అది కూడా లేపండి. చెయ్యి పెట్టి చూడండి, తడి తగిలిందా, పొడిగా ఉందా. తడి ఉంటే తలుపులు తీసి రెండు రోజులు ఎండలో పెట్టండి, ఆ తర్వాత స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. కొత్త కార్పెట్ దాని తర్వాత కొనచ్చు. వచ్చే వారం ఇదే కారుకి బ్రేకుల పని పెట్టుకున్నా, అక్కడ కలుద్దాం. ఉంటాను.