యాక్సెస్ ఫారంలో ఫిల్టర్ పెడితే ఖాళీగా వస్తోందా?

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫారంలో కాంబో బాక్స్ నుంచి ఏలూరు ఎంచుకుని బటన్ నొక్కారు. ఏలూరు కస్టమర్లు రావాలి కదా? ఫారం ఖాళీ. ఎర్రర్ కూడా లేదు. డేటా పోయిందనుకుని కొందరు అదే కస్టమర్‌ని మళ్ళీ ఎంటర్ చేసేస్తారు, అసలు గొడవ అక్కడ మొదలవుతుంది.

డేటా ఎక్కడికీ పోలేదు. ఊరి పేరు దాచిన వేరియబుల్‌ని కాంబో బాక్స్ ప్రొసీజర్ లోపల డిమ్ చేశారు. ఫిల్టర్ ఏమో బటన్ క్లిక్ ప్రొసీజర్‌లో ఉంది. ఎండ్ సబ్ రాగానే మొదటిది పోయింది. బటన్‌లో అదే పేరు రాస్తే వీబీఏ మనల్ని అడక్కుండా ఇంకొకటి, ఖాళీది, పుట్టిస్తుంది. ఈ అతి మర్యాద నాకైతే నచ్చదు! మాడ్యూల్ పైన ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ రాయండి, కంపైల్ చేయగానే 'వేరియబుల్ నాట్ డిఫైన్డ్' అని పట్టిస్తుంది. అప్పుడు డిమ్ లైన్‌ని ప్రొసీజర్ల బయటికి, పైకి తెచ్చేయండి. అసలు కాంబో బాక్స్ విలువని బటన్‌లోనే నేరుగా తీసుకుంటే ఆ వేరియబులే అక్కర్లేదు.

'ఎంటర్ పారామీటర్ వాల్యూ' అని అడిగితే మాత్రం సంగతి వేరు. వేరియబుల్ పేరు కొటేషన్ల లోపల ఇరుక్కుంది. ఫిల్టర్‌ని చదివేది డేటాబేస్ ఇంజిన్, దానికి మీ వీబీఏ వేరియబుల్ కనిపించదు. కొటేషన్ మూసి, ఆంపర్‌సాండ్‌తో విలువని అతికించండి. ఊరి పేరు టెక్స్ట్ కాబట్టి చుట్టూ సింగిల్ కోట్స్ ఉండాలి.

ఏ తప్పో తేలకపోతే ఫిల్టర్ లైన్ కింద డీబగ్ డాట్ ప్రింట్ పెట్టి, రన్ చేసి, కోడ్ విండోలో కంట్రోల్ జీ నొక్కండి. అక్కడ ఏలూరు ఉందా, ఖాళీ ఉందా, వేరియబుల్ పేరే ఉందా చూడండి.