ఉప్పాడ ఇళ్లు ఎందుకు కొట్టుకుపోతున్నాయి? బీచ్ ఇసుక అసలు లెక్క

ఇవాళ్టి ఎపిసోడ్ సముద్రం గురించి. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, సముద్రం ఒడ్డున ఉండే ఇసుక గురించి.

కాకినాడ పక్కన ఉప్పాడ తెలుసు కదా? జాందానీ చీరలకి ఫేమస్. అక్కడ తీరం కోసుకుపోవడం ఇవాళ మొదలైంది కాదు, కొన్ని దశాబ్దాలుగా నడుస్తోంది. ఇళ్లు పోయాయి, గుళ్లు పోయాయి, కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు తుపాను వచ్చిన ప్రతిసారీ దెబ్బతింటోంది. అక్కడి మత్స్యకార కుటుంబాల్లో పెద్దవాళ్లని అడిగితే సముద్రం వైపు వేలు చూపించి, "మా పాత ఇల్లు అదిగో, అక్కడుండేది" అంటారు. చూస్తే అక్కడ నీళ్లే ఉంటాయి.

మనం వెంటనే అనే మాట ఏంటి? "సముద్రం ముందుకొచ్చేసింది." కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. అక్కడ ఉండాల్సిన ఇసుక ఏమైంది?

ముందు బేసిక్స్ చూద్దాం. ఒడ్డున నిలబడి అలల్ని జాగ్రత్తగా చూడండి. చాలాసార్లు అల తిన్నగా రాదు, కొంచెం ఏటవాలుగా వస్తుంది. వచ్చేటప్పుడు ఇసుకని ఐమూలగా పైకి తోస్తుంది. వెనక్కి వెళ్లేటప్పుడు నీళ్లు వాలు ఎటుంటే అటు, తిన్నగా దిగిపోతాయి. అంటే ఒక ఇసుక రేణువు ఏటవాలుగా ఎక్కింది, తిన్నగా దిగింది, మళ్లీ ఏటవాలుగా ఎక్కింది. ఇలా రంపం పళ్లలా కదులుతూ తీరం వెంబడి ప్రయాణం చేస్తుంది. రోజంతా, ఏడాదంతా.

మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల టైమ్‌లో అలలు దక్షిణం వైపు నుంచి వస్తాయి, ఇసుకని ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాల టైమ్‌లో కొన్ని నెలలు రివర్స్. మొత్తం కలిపి చూస్తే ఉత్తరం వైపే ఎక్కువ. ఏడాదికి లక్షల ఘనపు మీటర్ల ఇసుక అలా వెళ్తుంది. కాబట్టి బీచ్‌ని నేల అనుకోకండి. అది మెల్లగా పారే ఇసుక నది.

సింపుల్‌గా, బ్యాంక్ అకౌంట్ అనుకోండి. దక్షిణం నుంచి వచ్చేది క్రెడిట్. ఉత్తరానికి పోయేది డెబిట్. రెండూ సమానంగా ఉన్నంత కాలం బీచ్ మారనట్టే కనిపిస్తుంది. క్రెడిట్ ఆగిపోయినా డెబిట్ మాత్రం ఆగదు. అప్పుడు బ్యాలెన్స్ తగ్గుతుంది. ఆ తగ్గే బ్యాలెన్స్ పేరే తీరం కోత.

మరి క్రెడిట్ ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువగా నదుల నుంచే. సుమారు 6 వేల ఏళ్ల క్రితం సముద్రం కొల్లేరు దాకా ఉండేది. ఇప్పుడు కొల్లేరు సముద్రానికి సుమారు 35 కిలోమీటర్లు లోపల ఉంది. మధ్యలో ఉన్న నేలంతా గోదావరి, కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రే. డెల్టాలో పొలాల మధ్య పొడవాటి ఇసుక దిబ్బలు కనిపిస్తాయి చూడండి, వాటిలో చాలావరకు ఒకప్పటి బీచ్‌లే.

ఇప్పుడు ఇంట్రెస్టింగ్ పార్ట్. గూగుల్ మ్యాప్స్‌లో కాకినాడ ఓపెన్ చేసి శాటిలైట్ వ్యూ పెట్టండి. డెల్టా నుంచి ఉత్తరానికి చెయ్యి చాచినట్టు ఒక సన్నటి ఇసుక పట్టీ కనిపిస్తుంది. అదే హోప్ ఐలాండ్, సుమారు 16 కిలోమీటర్లు. దాని వయసు 200 ఏళ్ల లోపే అంటారు. గోదావరి వదిలిన ఇసుకని అలలు ఉత్తరానికి తోస్తూ తోస్తూ కట్టిన దిబ్బ అది. జాగ్రఫీ పుస్తకంలో దీన్ని స్పిట్ అంటారు.

ఈ దిబ్బ కాకినాడకి సహజమైన గోడ. అలల దెబ్బ అది కాస్తుంది కాబట్టి లోపల నీళ్లు నిలకడగా ఉంటాయి. పోర్టుకి అది వరం. వెనకాల కోరంగి మడ అడవులకీ అదే నీడ.

మరి ఉప్పాడ? అది సరిగ్గా ఆ దిబ్బ కొసకి ఉత్తరాన ఉంది. ఇసుక దిబ్బ దగ్గరే ఆగిపోతే ఉప్పాడకి క్రెడిట్ తగ్గుతుంది. పైగా అల లోతు తక్కువున్న చోటికి రాగానే వేగం తగ్గి వంగుతుంది. దిబ్బ కొస దగ్గర అలా వంగిన అలల బలం ఉప్పాడ వైపు పడుతోందని నిపుణులు చెప్తారు. అంటే ఒకే దిబ్బ కాకినాడని కాపాడుతూ ఉప్పాడని ఇబ్బంది పెడుతోంది. ఇందులో విలన్ ఎవరూ లేరు.

కానీ మన చేతులు కూడా ఉన్నాయి. 1970ల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది. 1990ల్లో అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. పైనున్న డ్యాముల వెనకాల ఒండ్రు ఆగిపోవడం దీనికి పెద్ద కారణం. డ్యాములు మనకి నీళ్లిచ్చాయి, అన్నం పెట్టాయి. ఆ బిల్లులో కొంత మాత్రం తీరం కడుతోంది.

హార్బర్ల కథ ఇంకా క్లియర్‌గా ఉంటుంది. చెన్నైలో 19వ శతాబ్దం చివర్లో హార్బర్ కట్టారు. సముద్రంలోకి వేసిన గోడ ఇసుకకి అడ్డం పడింది. దక్షిణాన మెరీనా బీచ్ వెడల్పయింది. ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. మనం సెల్ఫీ దిగే ఆ వెడల్పు బీచ్‌లో కొంత ఇసుక, నిజానికి ఉత్తరం వాళ్లకి చేరాల్సింది.

వైజాగ్‌లో 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. అక్కడ హార్బర్ దగ్గర చేరిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి ఆర్కే బీచ్ వైపు పోస్తున్నారు. ఆగిన క్రెడిట్‌ని చేత్తో ట్రాన్స్‌ఫర్ చేయడం లాంటిది ఇది. ఒకసారి చేసి వదిలేస్తే సరిపోదు, చేస్తూనే ఉండాలి.

"రాయి ఉంటే కోసుకుపోదు కదా అన్నా?" అని అడుగుతారేమో. రాయీ అరుగుతుంది, టైమ్ ఎక్కువ పడుతుందంతే. వైజాగ్‌లో తొట్లకొండ ఎదురుగా మంగమారిపేట బీచ్‌లో రాతి ఆర్చ్ ఉంది. రాయిలో మెత్తగా ఉన్న భాగాన్ని అలలు ముందు తొలిచేశాయి, గట్టి భాగం కమానులా మిగిలింది. ఏదో ఒక రోజు ఆ కమాను కూడా కూలుతుంది. దయచేసి దాని మీదికెక్కి రీల్స్ చేయకండి.

మళ్లీ ఉప్పాడకి వద్దాం. అక్కడ రాళ్లు వేశారు, ఇసుక నింపిన పెద్ద జియో ట్యూబులు వేశారు. తుపానులకి అవి కూడా దెబ్బతిన్నాయి. గోడ తనకి వెనకాల ఉన్నదాన్ని కొంతకాలం కాపాడుతుంది. కానీ గోడకి కొట్టుకున్న అల బలంగా వెనక్కి వెళ్తూ గోడ కింద ఇసుకనే లాగేస్తుంది. గోడ ఎక్కడ అయిపోతుందో, అక్కడ పక్క ఊరి కోత మొదలవుతుంది. గోడ వద్దని నేను అనను. ఇల్లు కూలిపోతున్నవాళ్లకి రేపటి దాకా ఆగమని ఎవరు చెప్పగలరు? కానీ గోడ ఇసుకని తయారు చేయదు. ఆ విషయం దాచి గోడ ఒక్కటే చూపిస్తే, అది ఆ కుటుంబాలని మోసం చేసినట్టే.

కాబట్టి మీ తీరంలో కొత్త గోడో, జెట్టీయో, హార్బరో కడతామని ఎవరైనా చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడికి ఇసుక ఎక్కడి నుంచి వస్తోంది? మీరు కట్టేది దాన్ని ఎంత ఆపుతుంది? ఆగిన ఇసుకని పక్క ఊరికి ఎవరు, ఎన్నేళ్లు చేరవేస్తారు? మూడోదానికి జవాబు లేకపోతే, ఇంకో ఉప్పాడకి శంకుస్థాపన జరుగుతున్నట్టే.

మీది తీరం ఊరైతే, మీ ఇంట్లో పెద్దవాళ్లని "మన చిన్నప్పుడు సముద్రం ఎక్కడుండేది?" అని అడిగి, ఆ జవాబుని ఊరి పేరుతో కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మడ అడవుల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటాను, బై.