తప్పు ఎప్పుడూ గేదెదేనా?

(పాడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



పోయినేడు మా గేదె మూడుసార్లు పొర్లింది. పొర్లినప్పుడల్లా 21 రోజులు. అంటే 63 రోజుల మేత, దాణా దండగ. ఈత వెనక్కి పోయింది, పాలూ వెనక్కి పోయాయి. అడిగితే "మీ గేదెలోనే లోపం" అన్నారు. ఉండొచ్చు, కాదనను. కానీ గడ్డిపరకంత ఆ స్ట్రాలో ఏముందో మనం ఎన్నడైనా అడిగామా?

ఆ అనుమానంతోనే మేం కొందరం వీర్యం తీసే కేంద్రం ఒకటి చూసొచ్చాం. దున్న ఆరోగ్యంగా ఉన్నా మురికి బయటి నుంచి చేరుతుంది. అంగాన్ని కప్పి ఉండే తోలు సంచిలో మూత్రం, పేడ, దుమ్ము పేరుకుంటాయి. అందుకే అక్కడి వెంట్రుకలు పొట్టిగా కత్తిరిస్తారు. మరీ బోడిగా గొరిగితే ఒరుసుకుని పుండవుతుందట! లోపల సెలైన్ నీళ్లతో కడుగుతారు. ముందు నిలబెట్టే పశువు వెనుక భాగం కూడా శుభ్రం చేయాలి, అంగం తగిలేది దానికే కదా. వీర్యం పట్టే రబ్బరు గొట్టం ప్రతిసారీ శుద్ధి చేసింది వాడాలి. ఒకసారి వాడిన దాన్నే మళ్లీ పెడితే మొదటి దున్న క్రిములు రెండోదానికి అంటుతాయి.

ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల్లో పెడితే క్రిములన్నీ చస్తాయని నేనూ అనుకునేవాణ్ణి. చావవు. వీర్యకణాలను కాపాడే చలే చాలా క్రిములనూ కాపాడుతుంది. యాంటీబయాటిక్ కలుపుతారు, నిజమే. అది అన్నిటినీ చంపదు. ఈసుకుపోయే రోగం బ్రూసెల్లా మనుషులకూ అంటుతుంది. దున్నకు రక్త పరీక్ష చేయకుండా ఏ మందూ దానికి హామీ ఇవ్వదు. వీర్యంలో మిల్లీలీటరుకు 5,000కు మించి బ్యాక్టీరియా ఉండకూడదని ప్రమాణం ఉంది. పరీక్ష చేస్తే ఆ లెక్క రైతుకు ఎందుకు కనబడదు?

ఇక మన కొట్టం సంగతి. మా ఇంటికొచ్చిన ఒకాయన స్ట్రాను చంకలో పెట్టుకుని కరిగించాడు. 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచి, తడి తుడిచి, శుభ్రమైన కత్తెరతో కత్తిరించాలి. నీటి బొట్టు పడినా వీర్యకణాలు చస్తాయి. ఆ నీళ్లు కాచి ఇవ్వాల్సింది మనం. గేదె మానాన్ని కడిగి తుడిచి ఉంచాల్సిందీ మనమే. పేడలో నిలబెట్టి సూది వేయించుకుని కేంద్రాన్ని తిడితే ఎట్లా?

ఆ స్ట్రా మీద దున్న నంబరు, తయారైన తేదీ ఉంటాయి. సూది వేశాక దాన్ని పారేయనివ్వకండి, అడిగి తీసుకుని నోటుబుక్కులో రాసుకోండి. ఒకే నంబరుకు ఊళ్లో పది గేదెలు పొర్లితే అప్పుడు లోపం గేదెది అనలేరు. వచ్చే నెల మనం ఇచ్చే వినతిపత్రంలో రెండే కోర్కెలు పెడదాం: సూది వేసిన ప్రతి పశువుకూ ఈ వివరాలతో కార్డు, కేంద్రాల బ్యాక్టీరియా పరీక్ష ఫలితాలు పశువుల ఆసుపత్రి గోడ మీద. నోటుబుక్కులు వెంట తెండి.