అటక మీది గ్యాసులైటు

ఎమిరేట్స్‌లో చలికాలం వస్తే మనవాళ్ళు చాలామంది సెలవురోజున ఎడారికి వెళ్ళి గుడారాలు వేస్తారు. అందరి దగ్గరా బ్యాటరీ లైట్లే. మొన్న మేం మాత్రం గ్యాసులైటు పట్టుకెళ్ళాం. ఆ కబురే ఈ పూట.

మాది కోనసీమ. తాతయ్య పెళ్ళి ఊరేగింపులకి గ్యాసులైట్లు అద్దెకిచ్చేవారు. జనరేటర్లొచ్చాక అవి అటకెక్కాయి. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి కొబ్బరిచెట్లూ, కరెంటు స్తంభాలూ కూలిపోయాయి. మర్నాడు బడిలో తలదాచుకున్నవాళ్ళ కోసం తాతయ్య ఒక లైటు కిందికి దించారు. వాడక పంపులోని తోలు వాషరు ఎండిపోయింది. కొబ్బరినూనెలో నానబెట్టి మెత్తబరిచారు. ఉన్నది ఒక్కటే మాంటిల్. వెలిగించగానే బడంతా పట్టపగలైంది.

మర్నాడు సాయంత్రం ఎవరూ లేనప్పుడు ఆ తెల్లటి మాంటిల్‌ని వేలితో తాకాను. పొడిపొడిగా రాలిపోయింది. బడిలో ఒక బాలింత ఉంది. ఆ రాత్రంతా చిన్న హరికేను లాంతరుతోనే గడిపారు. తాతయ్య నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

పెట్రోమాక్స్ 1910 ప్రాంతంలో బెర్లిన్‌లో మాక్స్ గ్రేట్జ్ తెచ్చిన దీపం. గ్యాసులైటు అంటాం గానీ పోసేది కిరసనాయిలే. గాలి కొడితే నూనె పైకెక్కి, వేడికి ఆవిరై, మాంటిల్‌లో మండుతుంది. మాంటిల్ మొదట గుడ్డసంచి. ఒకసారి వెలిగించాక గుడ్డ కాలిపోయి బూడిద అల్లిక మిగులుతుంది. వెలుగిచ్చేది ఆ బూడిదే.

పోయినేడాది షార్జాలో పాతసామాన్ల కొట్లో అలాంటిదొకటి దొరికింది. ట్యాంకు కడిగాను, నాజిల్ సూదితో శుభ్రం చేశాను, వాషరుకి మళ్ళీ కొబ్బరినూనె వైద్యమే. ఖాళీ ట్యాంకులో గాలి కొట్టి, అతుకులకి సబ్బునీళ్ళు రాసి చూస్తే బుడగ రాలేదు.

మీరూ ప్రయత్నిస్తే కొన్ని జాగ్రత్తలు. కిరసనాయిలు లైటులో పెట్రోలు పోయకండి. గుడారం లోపల వెలిగించకండి, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. పాత మాంటిళ్ళలో థోరియం ఉండేది, దానికి రేడియోధార్మికత ఉంది. ఆ పొడి పీల్చకండి.

మలీహా దగ్గర ఇసుకలో వెలిగించాం. తాతయ్య లైటు చేసిన చప్పుడే, సుయ్యిమని. ఆర్పి, చల్లారాక మా అమ్మాయి మాంటిల్ వైపు వేలు చాపింది. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు మొదటిసారి బడి సంగతి బయటపెట్టాను.

"ముత్తాతకి సారీ చెప్పావా నాన్నా?" అంది.

చెప్పలేదు. ఆయన ఇప్పుడు లేరు. అందుకే మీ అందరి ముందూ చెప్పుకుంటున్నాను.

సెలవు.