మనవాడా? మన విలువలున్నవాడా?

ఈ ఎపిసోడ్‌లో ఒకటే ప్రశ్న. మీరు చిన్న బిజినెస్ మొదలుపెట్టారు, మొదటి ఉద్యోగిని తీసుకోవాలి. ఎవర్ని తీసుకుంటారు?

మన కోనసీమలో వెంటనే వినిపించే మాట, "మనవాడేనండీ, పెట్టుకోండి." మన ఊరు, మన చుట్టం, మన కులం. పెద్ద కంపెనీల్లో 'కల్చర్ ఫిట్' అనే మాటని కూడా కొందరు ఇలాగే వాడేస్తారు. మనలాంటివాడు అయితే చాలు అని.

నేనూ అదే చేశాను. అమలాపురంలో స్వీట్లు ప్యాక్ చేసి ఆన్‌లైన్‌లో పంపే పని మొదలుపెట్టినప్పుడు ఇద్దర్ని తీసుకున్నాను. ఒకతను మనవాడే. మొదటిరోజే అందరితో కలిసిపోయాడు. రెండో ఆమె రాజోలు వైపు నుంచి వచ్చేది. అసలు మాట్లాడేది కాదు. ఈ అమ్మాయి మనకి సెట్ అవ్వదేమో అనుకున్నాను.

ఒకసారి కొరియర్ రాక కొన్ని బాక్సులు మిగిలిపోయాయి. మనవాడు పాత డేట్ స్టిక్కర్లు పీకేసి కొత్తవి అంటించేశాడు. అడిగితే, "ఎవరు చూస్తారండీ?" అన్నాడు. వాటిని పంపకుండా ఆపింది ఆ అమ్మాయే. "మా ఇంట్లో పిల్లలకి పెట్టనిది వేరేవాళ్లకి ఎలా పంపుతామండీ?" అంది.

ఇప్పుడు చెప్పండి, ఇద్దరిలో నిజమైన ఫిట్ ఎవరు? తప్పు నాదే. డేట్ విషయంలో రాజీ లేదని నేను ముందే చెప్పలేదు, అడగనూ లేదు.

ఆత్రేయపురం పూతరేకులే చూడండి. 2023లో వాటికి జీఐ గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని దానిమీద లాగితే రేకు వస్తుంది. ఆ పనితనం ఐదు నిమిషాల్లో కనిపిస్తుంది. కానీ ఎవరూ చూడనప్పుడు కూడా మంచి నెయ్యే వేస్తారా? అది రెజ్యూమెలో ఉండదు.

మరి ఎలా తెలుసుకోవాలి? మన హైదరాబాద్ సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. ఆ ఇంటర్వ్యూలో, రోడ్డు మీద పసిపాప పడి ఏడుస్తుంటే ఏం చేస్తావని అడిగారట. ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేస్తానన్నారు ఆయన. ముందు పాపని ఎత్తుకోవాలయ్యా అన్నారట అడిగినాయన. అయినా ఉద్యోగం వచ్చింది, 2014లో ఆయనే సీఈఓ అయ్యారు. అంటే ఒక్క జవాబుతో మనిషిని తేల్చేయకూడదు. విలువలు నేర్చుకోవచ్చు కూడా.

నేనిప్పుడు మూడు పనులు చేస్తున్నాను. ఒకటి, 'నిజాయితీ' అని గోడమీద రాయకుండా, "డేట్ మార్చం, తప్పు జరిగితే దాచం" అని ముందే చెప్తాను. రెండు, "మీరు తప్పు చేసి ఒప్పుకున్న సందర్భం ఒకటి చెప్పండి" అని అడుగుతాను. చుట్టమైనా, కొత్తవాళ్లయినా అందరికీ అదే ప్రశ్న. మూడు, జీతమిచ్చి వారం రోజులు పని చేయించి చూస్తాను.

ఉద్యోగం వెతుక్కునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరూ అడగండి. "కస్టమర్‌కి నష్టం జరిగితే ఇక్కడ ఏం చేస్తారండీ?" అని. ఆ జవాబులో ఆ కంపెనీ ఏంటో తెలిసిపోతుంది.

ఆ అమ్మాయి ఇప్పటికీ తక్కువే మాట్లాడుతుంది. కానీ కొత్తవాళ్లకి పని నేర్పేది తనే. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!