బ్రేకులు లేని బండి మీద బ్యాలెన్స్ మాంత్రికుడు: పీటర్ క్రేవెన్

ఈ రోజు మనలో చాలామంది పేరు కూడా వినని ఒక ఆటగాడి గురించి చెప్పుకుందాం. ఆయన పేరు పీటర్ క్రేవెన్, ఆట పేరు స్పీడ్‌వే.

ముందు ఆట సంగతి. నలుగురు రైడర్లు, నాలుగు ల్యాపులు, కోలగా ఉండే మట్టి ట్రాక్. ఎప్పుడూ ఎడమవైపే తిరగాలి. 500 సీసీ ఇంజను, ఒకే గేరు. బ్రేకులు అసలుండవు! మరి మలుపు ఎలా తిరుగుతారు? వెనక చక్రాన్ని కావాలనే జారనిస్తారు. ఇనప తొడుగు వేసిన ఎడమకాలు నేలకి ఆనించి, బండిని అడ్డంగా జార్చుకుంటూ మలుపు దాటేస్తారు. మొదట వచ్చినవాడికి 3 పాయింట్లు, తర్వాత 2, 1. చివరివాడికి సున్నా.

క్రేవెన్ 1934లో లివర్‌పూల్‌లో పుట్టాడు. చాలా పొట్టి మనిషి. అంత బరువైన బండిని ఎలా లొంగదీశాడంటే, బలంతో కాదు, ఒంటిని అటూ ఇటూ వాల్చి కుదిర్చే తూకంతో. అందుకే 'బ్యాలెన్స్ మాంత్రికుడు' అన్నారు. మాంచెస్టర్‌లోని బెల్ వ్యూ ఏసెస్ ఆయన జట్టు.

1955లో వెంబ్లీలో ప్రపంచ ఫైనల్. 16 మంది రైడర్లు, ఒక్కొక్కరికీ ఐదు రేసులు. అంటే గరిష్ఠంగా 15 పాయింట్లు. క్రేవెన్ 13 తెచ్చుకుని ఛాంపియన్ అయ్యాడు. అప్పటికి వయసు 21.

తర్వాత ఆరేళ్లు టైటిల్ స్వీడన్ వాడైన ఓవ్ ఫుండిన్, న్యూజిలాండ్ వాళ్లు బ్యారీ బ్రిగ్స్, రోనీ మూర్ల మధ్యే తిరిగింది. ఇంకొకడైతే వదిలేసేవాడేమో. క్రేవెన్ వదల్లేదు. 1962లో అదే వెంబ్లీలో 14 పాయింట్లతో మళ్లీ గెలిచాడు. ఇంగ్లండ్ నుంచి రెండుసార్లు గెలిచిన మొదటివాడు ఆయనే.

దాదాపు ఏడాదికి, 1963 సెప్టెంబరు 20న, ఎడిన్‌బరోలో మామూలు మ్యాచ్. ముందు వెళ్తున్న జార్జ్ హంటర్ కింద పడ్డాడు. బండికి బ్రేకుల్లేవు. క్రేవెన్ అతన్ని తప్పించబోయి కంచెకి గుద్దుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత కన్నుమూశాడు. 29 ఏళ్లు.

నాకు ఆ రెండు టైటిళ్ల కంటే ఆ ఒక్క క్షణమే ఎక్కువ గుర్తుంటుంది. ఆలోచించే వ్యవధి లేనప్పుడు చేతులు ఎటు తిరిగాయన్నదే మనిషేంటో చెబుతుంది. ఆయన చేతులు పడిపోయినవాడికి దూరంగా తిరిగాయి. బెల్ వ్యూలో ఆయన పేరుతో స్మారక ట్రోఫీ పెట్టారంటే ఊరికే పెట్టలేదు.

ఇంకో ఆటగాడి కథతో మళ్లీ కలుద్దాం. సెలవు.